ఎడమచేతి అత్తరు

యాకుత్‌పురా స్టేషన్‌లో పక్కన కూర్చున్న ముసలి అత్తరు వ్యాపారికి, మేము భూమిలోపలి గుహలు చూడబోతున్నామని చెప్పాను. ఆయన సీసా తీసి నా ఎడమచేతి మీద అత్తరు రాశాడు.

“లోపట గైడు లైట్లు బంద్ చేసి చీకటి చూపిస్తడు భాయ్. గప్పుడు మనోళ్లు వాసన పట్టి గుర్తుపడ్తరు. మా తమ్ముడు గా గుహలకే పోయిండు, మళ్ల రాలే. గిది మా ఇంటి అత్తరు.”

గుహలో గైడు నిజంగానే లైట్లు ఆర్పాడు. నా భార్య కుడిచేయి పట్టుకుంది. ఎడమచేతిని ఎవరో నెమ్మదిగా పైకెత్తి వాసన చూశారు. వెలుతురు వచ్చేదాకా వదల్లేదు. అటువైపు రాతిగోడ తప్ప ఏమీ లేదు.

మొన్న స్టేషన్‌లో ఆ ముసలాయన నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు.

“కలిసిండా భాయ్?” అని మెల్లగా అడిగాడు.

నేను ఎడమచేయి జేబులో పెట్టుకున్నాను.