నౌపడ కారుకి రెండో తాళం

“తాళం ఒక్కటే ఇస్తాను. రెండోది నాకాడే ఉంటాది.”

“ఏటమ్మా, బండి మాకు అమ్మేసినాక తాళం నీకేటికి? రేపు మా వాకిట్లోకొచ్చి తోలుకుపోతావేటి?”

“నాకు సైకిలు తొక్కడమే రాదు. నానేటి తోల్తాను?”

“మరి ఇచ్చీ. నేకపోతే బేరం నేదు.”

“నేకపోతే మానీండి.”

నౌపడలో ఒక ఉప్పు వ్యాపారి గేటు దగ్గర, ఆయన భార్యతో నేను పెట్టుకున్న తగువు ఇది. పక్కనే ఎర్ర కారు. రెండే తలుపులు, నేలకు ఆనినట్టు ఉంటుంది. కొనేది నా మనవడు. నా వెనక నిలబడ్డాడు.

మా వాడికి విజయనగరంలో మెకానిక్ షెడ్డు ఉంది. చెన్నై అవతల రేసుల బాట ఒకటుందట. కొన్ని రోజుల్లో, డబ్బు కట్టినవాళ్లకు దాన్ని వదిలేస్తారు, ఎవరి కారు వాళ్లు తోలుకోవచ్చు. పందెం కాదు. అక్కడ గేదెలు అడ్డం రావు, ఎదురు లారీలు రావు. వీడి తండ్రిని, అంటే నా కొడుకుని, హైవే మీద లారీకే పోగొట్టుకున్నాను. వీడు అదే హైవే మీద గాలిలా పోతుంటే ఇంట్లో నాకు మెతుకు దిగేది కాదు. “నీ సరదా ఆ బాట మీదే తీర్సుకో. రోడ్డు మీద నెమ్మదిగా ఎల్తానని నా మీద ఒట్టెయ్యి, పాత కారోటి కొందుం” అన్నాను. వేశాడు.

అప్పటికి రెండు కార్లు చూసి వదిలేశాం. ఒకటి ఎక్కడో గుద్దేసి పైన రంగు పూసింది. రెండోది గేరు మార్చినప్పుడల్లా మూలిగింది. నౌపడ కారు అనగానే నేనే వద్దన్నాను. ఉప్పుమడుల గాలికి గోడలో మేకులే తుప్పు పట్టి నిలవవు, కారేం నిలుస్తుంది? అయినా వెళ్లాం. మా వాడు గోనెసంచి పరుచుకుని కారు కిందకు దూరి, చాలాసేపటికి బయటికొచ్చాడు.

“మామ్మా, కింద సిలుం సుక్క నేదే! కొత్త బండిలాగున్నాది.”

“మా ఆడది రోజూ కడుగుతాది,” అన్నాడు ఆ ఇంటాయన. “మా కుర్రోడు తోలేవోడు. జొరమొచ్చి పోనాడు. అప్పట్నుంచి తెల్లారితే మంచినీళ్ల బిందె అట్టుకుని దీనికాడే. కింద దూరి మరీ కడుగుతాది. సూడనేకే అమ్మేత్తన్నాను.”

ఆ తరవాతే తాళం తగువు. కొత్త తాళం చేయించాలంటే బాగా ఖర్చని మనవడు చెవిలో చెప్పాడు, ఇక నేను వదల్లేదు. చివరికి ఆవిడ తాళం కట్టుకున్న కొంగు ముడి ఎత్తి చూపించింది. “ఆడి బట్టలన్నీ కాల్సీసినారు. ఆడి సెయ్యి తగిలింది ఇదొక్కటే మిగిలింది.”

రేపొస్తామని చెప్పి రైలెక్కి మా ఊరు ఆమదాలవలస వచ్చేశాం.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే చూరు కింద మేకుకు పలుపులు కనిపించాయి. మా ఇంటాయన పోయాక ఎడ్ల జత అమ్మేశాం. మాలో ఎద్దును అమ్మినవాళ్లు పలుపు ఇవ్వరు. కొన్నవాడు తన పలుపు తెచ్చుకుని కట్టుకుపోతాడు. ఎంత పీనాసివాడైనా అడగడు. ఎడ్ల సాల పడిపోయింది గాని, ఆ రెండు పలుపులు నేను పారెయ్యలేదు.

“ఒరే, రెండో తాళం అడక్కు,” అన్నాను.

“నువ్వే గదే మామ్మా బేరం నేదన్నావు! రేపు ఉన్నదొక్కటీ పోతే?”

“పోగొట్టీకు. మొల్తాడుకి కట్టుకో.”

మర్నాడు పొద్దున్న మొదటి రైలుకు వెళ్లాం. కారు అప్పటికే కడిగి ఉంది. చక్రాల కింద తడి ఆరలేదు. ఉప్పు వ్యాపారి కాగితాల మీద సంతకాలు పెట్టి ఒక తాళం ఇచ్చాడు. ధర తగ్గించమని నేను అడగలేదు. ఆవిడే గేటు తీసి పట్టుకుంది. మా వాడు కారు నెమ్మదిగా బయటికి తీశాడు. గేటు దాటాక వెనక్కి చూశాను. ఆవిడ ఖాళీ బిందె తీసుకుని లోపలికి వెళ్లిపోతోంది.