కరపత్రంలో నా మూడు లైన్లు

మొన్న మనవరాలి బారసాలకు కార్డులు చూద్దామని వన్ టౌన్‌లో ఒక సందులోకి తిరిగానో లేదో, ఎవరో పాత మిషను ముక్కలు బయటపెట్టి కిరసనాయిలు గుడ్డతో తుడుస్తున్నారు. ఆ కిరసనాయిలూ, నల్లసిరా, పాత జిడ్డూ కలిసిన వాసన ముక్కుకు తగలగానే నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. వెనకనించి ఆటో అతను "అమ్మా, జరగండమ్మా, మీటింగ్ పెట్టారేంటి రోడ్డు మధ్యలో!" అని కసిరితే గానీ కదల్లేదు. అది మా నాన్న చొక్కా వాసన. ఎన్నో ఏళ్ల తర్వాత ఎదురొచ్చింది.

ఆ చుట్టుపక్కలే మా నాన్నకు చిన్న అచ్చాఫీసు ఉండేది. కాలితో తొక్కే ట్రెడిల్ మిషను ఒకటి, సీసం అక్షరాల అరలు, కిటికీలో మరచెంబు, మూలన కాగితాల కట్టలు, ఎండాకాలం వచ్చిందంటే రేకుల కప్పు కింద పెనం మీద అట్లలా మాడే మనుషులు. ఇక నమ్మకాలంటారా, అక్షరాల కంటే అవే ఎక్కువ. అమావాస్యనాడు శుభలేఖ మొదలెట్టరు. మొదటి కార్డుకు నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి పటం దగ్గర పెట్టందే రెండోది అచ్చవదు. పెద్దకర్మ కార్డు వేసిన మిషను మీద పెళ్లికార్డు వెయ్యాలంటే నీళ్లు చిలకరించి అగరొత్తి వెలిగించాలి. సరిగ్గా మిషను తొక్కబోతుండగా ఎవరైనా తుమ్మారా, అంతా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. గుణదల నుంచి సైకిలు మీద వచ్చి అక్షరాలు పేర్చే మా కంపోజిటరు సామ్యేలు గారు మాత్రం మెడలో శిలువ ముట్టుకుని, కళ్లు మూసుకుని, తన ప్రార్థన తాను చేసుకుని పని మొదలెట్టేవారు. ఎవరి దేవుడు వాళ్లకి, సిరా మాత్రం అందరికీ ఒకటే.

వేసవి సెలవులన్నీ నావి అక్కడే. అరిగిపోయిన అక్షరాలు ఏరి తొక్కుడుబిళ్ల ఆడేదాన్ని, ముంజలు తిన్న చేతులతో కాగితాలు ముట్టుకుని చీవాట్లు తినేదాన్ని, సామ్యేలు గారి స్టూలు పక్కన నిలబడి అక్షరాలు తిరగేసి చదవడం నేర్చుకున్నాను. పదేళ్లకే బోర్లా చదివేదాన్ని, దానికి ఎంత గొప్పో నాకు!

ఆ రోజుల్లో పాము కరపత్రాలని ఉండేవి. ఏదో ఊరి గుడిలో పూజారికి సర్పం కనిపించి మాట్లాడిందనీ, ఈ కాగితం అందినవారు వెయ్యి వేయించి పంచితే శుభమనీ, పారేస్తే అరిష్టమనీ. ఏ భక్తుడో ఒణికిపోతూ వచ్చి వేయించేవాడు. మా నాన్న మొహం చిట్లించుకునే వేసేవాడు. నా పదో ఏట, నలభై ఎనిమిదేళ్ల కిందటి ఎండల్లో, ఒక మిరపకాయల వ్యాపారి అలాంటిదే తెచ్చి, "కాగితం నిండుగా ఉండాలండీ, కింద ఖాళీ వదలొద్దు" అని చెప్పి పోయాడు. మధ్యాహ్నం నాన్న భోజనానికి వెళ్లాడు. సామ్యేలు గారు అక్షరాలు పేర్చిన ఫారం చూసుకుని తల గోక్కున్నారు.

"పాపా, మూడు లైన్లు తగ్గాయమ్మా. నీ నోట్లో నుంచి ఏదైనా ఊడిపడుద్దేమో చూడు."

నా బుద్ధి గడ్డి తిని, ఒక్క క్షణం ఆగకుండా చెప్పాను. "ఈ కరపత్రమును హేళన చేసి పొయ్యిలో వేసిన ఒక ఉపాధ్యాయుని కుమారునకు జ్వరము వచ్చెను. ఆసుపత్రికి తీసుకొనిపోవుచుండగా మాట పడిపోయెను. తిరిగి ఇంటికి వచ్చి వెయ్యి ప్రతులు పంచగా స్వస్థత కలిగెను." సామ్యేలు గారు పకపకా నవ్వారు. "అమ్మ దొంగా! ఇంత కథ ఎక్కడ దాచావే!" అంటూనే పేర్చేశారు. నేనాడిన అబద్ధం గ్రాంథికంలో అచ్చయి బయటికొచ్చేసరికి శాస్త్రంలా ఉంది. మురిసిపోయాను.

అచ్చాఫీసులో చెడిపోయిన కాగితాలన్నీ మా ఇంటికే వచ్చేవి. అమ్మ వాటితోనే పొద్దున నీళ్ల పొయ్యి రాజేసేది. వారం తిరక్కుండా నా తమ్ముడు చంటికి జ్వరం తగిలింది. ఐదేళ్లవాడు. వాంతులు, మెడ తిప్పలేడు, పిలిస్తే మూలుగు తప్ప మాట లేదు. నాన్న ఏదో పెళ్లిపని మీద ఏలూరు వెళ్లాడు. అమ్మ వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్దామని చీర మార్చుకుని, వేడినీళ్లకు పొయ్యి రాజెయ్యబోతూ చేతిలోని కాగితం చదివింది. చదివి అక్కడే కూలబడింది.

"ఓరి దేవుడో! వారం నుంచీ నేను పొయ్యిలో పెడుతోంది ఇదా!"

ఇక ఆసుపత్రి మాటే లేదు. దారిలో మాట పడిపోతుందని రాసుంది కదా. "మీ నాన్న రానీ, వెయ్యి వేయించి పంచాకే గడప దాటిస్తాను" అని వాడి నుదుట విబూది పెట్టి, ఒళ్లో వేసుకుని కూర్చుంది. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. అది నేను చెప్పిన ముక్కే! చెబితే వీపు చీరేస్తుందని భయం. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఇంకో భయం కూడా ఉంది. అచ్చులో ఉంది కదా, నిజమైపోయిందేమో అని నాకే అనుమానం వచ్చింది. ఆ రోజంతా నోరు విప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి చంటి కళ్లు తేలేశాడు. అప్పుడు ఏడుస్తూ అమ్మ కాళ్ల మీద పడ్డాను.

"అమ్మా, అది నేనే చెప్పానే. సామ్యేలు గారికి లైన్లు తగ్గితే నేనే కల్పించి చెప్పాను. అంతా అబద్ధం."

అమ్మ కొట్టలేదు. కొట్టినా బాగుండేది. నా వంక కొత్తమనిషిని చూసినట్టు చూసి, రెండు చేతులూ జోడించింది.

"నువ్వు చెప్పడమేంటే పిచ్చిదానా! పదేళ్ల పిల్లకి అలాంటి మాటలు ఎలా వస్తాయి? స్వామే నీ చేత చెప్పించాడు. మన ఇంటికి రాబోయేది మనకే ముందు చెప్పాడు."

ఇన్నేళ్లొచ్చాయి, చదువులు చదివాను, తెలుగు పాఠాలు చెప్పాను, అంత నిర్ఘాంతపోయిన క్షణం మళ్లీ లేదు. నిజం చెబితే అబద్ధం చస్తుందనుకున్నాను. నా నిజంతో దానికి ఇంకా బలమొచ్చింది.

చెప్పుల్లేకుండా, కాళ్లు బొబ్బలెక్కుతున్నా అచ్చాఫీసుకు పరిగెత్తాను. సంగతి విని సామ్యేలు గారి మొహం పాలిపోయింది. "ఎంత పని చేశాం పాపా!" అన్నారు. ఒక్క నిమిషం శిలువ పట్టుకుని నిలబడి, గబగబా అక్షరాలు పేర్చడం మొదలెట్టారు. తడి ఆరని కాగితం పట్టుకుని, నన్ను సైకిలెక్కించుకుని మా ఇంటికొచ్చారు.

"అమ్మగారూ, మొన్నటి కరపత్రంలో మావల్ల తప్పు పడిందండీ. ఇదిగో, సవరణ వేశాం."

అందులో ఇలా ఉంది: "తప్పొప్పుల పట్టిక. 'ఆసుపత్రికి తీసుకొనిపోవుచుండగా మాట పడిపోయెను' అనుచోట 'ఆసుపత్రికి తీసుకొనిపోయిన పిమ్మట మాట వచ్చెను' అని చదువుకొనవలెను."

అమ్మ రెండుసార్లు చదివింది. కన్నకూతురు కాళ్లు పట్టుకుని చెబితే నమ్మని మనిషి, అరచేతి వెడల్పు కాగితాన్ని కళ్లకద్దుకుని, చంటిని భుజాన వేసుకుని రిక్షా ఎక్కింది. సామ్యేలు గారు పక్కనే సైకిలు తొక్కుతూ, "ప్రభువా, అబద్ధం అచ్చేశాను, క్షమించు" అని దారిపొడుగునా గొణుక్కున్నారు.

మెదడు జ్వరమన్నారు. చంటి బతికాడు. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిచెవి ముప్పాతిక పోయింది. "నిన్న తీసుకొచ్చినా చెవులు దక్కేవేమోనమ్మా" అన్నారు డాక్టరుగారు. అమ్మ ఆ మాట వినిపించుకోలేదు. నాన్నతో పోట్లాడి వెయ్యి కాగితాలూ వేయించి, బస్టాండు నుంచి కాలవగట్టు దాకా తిరిగి పంచింది. కాగితాలు పంచబట్టే కొడుకు దక్కాడని పోయేదాకా చెప్పింది. చంటీ అదే నమ్మి పెరిగాడు. ఇవాళ్టికీ పదకొండు మందికి పంపమని ఫోన్‌లో మెసేజ్ వస్తే వాడు ఒక్కరిని కూడా తగ్గించడు.

ఇప్పుడు ఆ అచ్చాఫీసు చోట సెల్‌ఫోన్ కవర్ల షాపుంది. సీసం అక్షరాలు తూకానికి పోయాయి. అమ్మ లేదు, నాన్న లేడు, సామ్యేలు గారూ లేరు. ఆ మూడు లైన్లు ఎవరివో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. మొన్న కార్డుల సంగతి వదిలేసి, ఆటో ఎక్కి, తిన్నగా బెంజ్ సర్కిల్ దగ్గర చంటి ఫ్లాటుకు వెళ్లాను. కుడివైపు కూర్చుని, గట్టిగా, ఒక్కో ముక్కా వాడికి అర్థమయ్యేలా మొత్తం చెప్పాను.



"అమ్మకు మొదటిరోజే చెప్పుంటే?" అన్నాడు.

"పదేళ్లదాన్నిరా చంటీ. భయపడ్డాను."

"నలభై ఎనిమిదేళ్లూ భయపడ్డావా?"

వాడు చెవి మిషను తీసి టీపాయ్ మీద పెట్టి, కళ్లు మూసుకున్నాడు. నన్ను క్షమించరా అంటున్నాను, వాడికి వినపడదని తెలిసీ అంటూనే ఉన్నాను.