మైక్ ఆన్‌లో ఉన్న సాయంత్రం

కనకరాజుది నరసాపురం దగ్గర పల్లె. చదువుకోడానికి ఆస్ట్రేలియా వచ్చి, కొన్నేళ్ళు పెర్త్‌లో గడిపి, చివరికి సిడ్నీలో స్థిరపడ్డాడు. భార్య నీలిమ నర్సు. కూతురు తన్మయి ఇక్కడే పుట్టింది, హైస్కూల్లో చదువుతోంది. ముగ్గురూ వెస్ట్‌మీడ్‌లో ఒక అద్దె ఫ్లాట్‌లో ఉంటారు.

కనకరాజు ఉద్యోగం దగ్గర్లోని ఒక పరిశోధనా కేంద్రంలో. శాస్త్రవేత్త కాదు, ప్రాజెక్ట్ ఆఫీసరు. శాస్త్రవేత్తల చేత మీటింగులు పెట్టించడం, ఒప్పుకున్న పని అయిందో లేదో వెంటపడి కనుక్కోవడం, ఎవరికీ కోపం రాకుండా అందర్నీ కలిపి ఉంచడం అతని పని. ఆ పనిలో మంచి పేరుంది. ఎవరితోనైనా ఇట్టే కలిసిపోతాడని అంటారు.

యూరప్‌లో కొన్ని చిన్న ప్రాంతాలు కలిసి ఒక కూటమి పెట్టుకున్నాయి. ఒకచోట మంచి ఇంజినీర్లున్నారు గానీ వస్తువును పరీక్షించి చూడ్డానికి రోగులు చాలరు. ఇంకోచోట ఆసుపత్రి ఉంది గానీ తయారు చేసేవాళ్ళు లేరు. విడివిడిగా ఎవరి వల్లా కాని పరిశోధన కలిసి చేద్దామని లిథువేనియాలో ఒక చిన్న పట్నం, పోర్చుగల్ ఉత్తరాన ఒక జిల్లా, స్లొవేనియాలో ఒక లోయ చేతులు కలిపాయి. వాళ్ళు తయారు చేస్తున్నది చెప్పుల్లో పెట్టే ఒక పలచటి అట్ట. పెద్దవాళ్ళ నడక తడబడుతుంటే, పడకముందే ఇంట్లోవాళ్ళకి కబురు పంపుతుంది. ఇలాంటివి వృద్ధుల దగ్గర పరీక్షించిన అనుభవం ఉందని కనకరాజు వాళ్ళ కేంద్రాన్ని కూడా బయటి సభ్యులుగా చేర్చుకున్నారు.

మీటింగులు వాళ్ళకి పొద్దున, ఇక్కడ సాయంత్రం. కనకరాజు ఇంటికొచ్చేసి డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేవాడు.

ఆ సాయంత్రం మాట్లాడుతున్నది ఆల్గిర్దాస్. అట్టకి ప్రాణం పోసిన లిథువేనియా ఇంజినీరు, అరవైకి దగ్గర పడ్డ మనిషి. ఇంగ్లీషు పెద్దయ్యాక నేర్చుకున్నాడు. ప్రతి రెండు మాటలకీ ఆగి, "హౌ టు సే..." అని పైకి చూసి, మాట దొరికాక కిందికి చూసి చెప్పేవాడు. చలికాలంలో మందపాటి సాక్సులు వేసుకుంటే అట్ట లెక్క తప్పుతోందని వివరిస్తున్నాడు. అప్పటికే చాలాసేపయింది.

తన్మయి ఎదురుగా కూర్చుని టోస్ట్ తింటోంది. ఈమధ్య ఆ పిల్ల తండ్రితో మాట్లాడటమే తగ్గించేసింది. ఏమడిగినా ఒక్క ముక్కలో జవాబు. కనకరాజుకి ఆమెని నవ్వించాలనిపించింది. ఆల్గిర్దాస్ లాగే పైకి చూసి, అదే గొంతుతో "హౌ... టు... సే..." అని సాగదీసి, తర్వాత తెలుగులో అన్నాడు: "ఈయన మాట పూర్తయ్యేలోపు మన ముసలాళ్ళు పడి, లేచి, ఇంటికెళ్ళి అన్నం కూడా తినేస్తారు."

తన్మయి పకపకా నవ్వింది. "డాడ్, యూ ఆర్ సో బ్యాడ్," అంది.

లాప్‌టాప్‌లో ఆల్గిర్దాస్ మాట మధ్యలో ఆగిపోయి ఉన్నాడు. మీటింగు నడిపే పోర్చుగీసావిడ, "కనకా, మీరేమైనా చెప్పాలా?" అని అడిగింది. అదే సమయంలో అతని ఒక్కడికే ఒక మెసేజ్ వచ్చింది, తెలుగులో. "సర్, మీ మైక్ ఆన్‌ల ఉన్నది."

పంపింది ఆల్గిర్దాస్ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. తెర మీద ఎప్పుడూ ఎస్. గుండేటి అన్న పేరే తప్ప మొహం కనిపించేది కాదు. అది తెలుగు పేరని కనకరాజు గమనించనే లేదు.

"సారీ, ఇంట్లో పిల్లతో మాట్లాడుతున్నాను," అన్నాడు. వెంటనే మైక్ ఆపేశాడు. ఆల్గిర్దాస్ తల ఊపి, చేతిలో కాగితాలు సర్దుకుని, "నేను చెప్పాల్సింది అంతే," అన్నాడు. అంతే కాదని అందరికీ తెలుసు.

ఆయనకి తెలుగు రాదు కదా అని రెండు వారాలు తనకి తాను చెప్పుకున్నాడు కనకరాజు. నీలిమకి చెప్పలేదు. తర్వాతి మీటింగులో ఆల్గిర్దాస్ కెమెరా ముందు కూర్చున్నాడు గానీ నోరు విప్పలేదు. ఆయన రాసిందాన్ని ఆ అమ్మాయి చదివింది. గొంతు బాగాలేదని కారణం చెప్పారు. గొంతు బాగానే ఉందని కనకరాజుకి అర్థమైంది. అతను కెమెరా ఆపేసుకున్నాడు.

మర్నాడు ఆ అమ్మాయికి ఫోన్ చేశాడు. పేరు శ్రీలేఖ, వరంగల్ పిల్ల.

"అమ్మా, ఆ రోజు నేనన్న మాట ఆయనకి తెలిసిందా?"

"మా సార్ నన్ను అడిగిన్రు, ఏమన్నడు అని. ఇంట్ల బిడ్డతోని ఏదో అంటున్నరు, నాకు సరిగ వినవడలే అని చెప్పిన. ఆయనతోని నేను అబద్ధం చెప్పుడు అదే మొదలు."

కనకరాజు ఫోన్‌ని రెండో చెవికి మార్చుకున్నాడు.

"మిమ్మల్ని ఒకటి అననా సర్? ఏమనుకోకున్రి," అంది శ్రీలేఖ. "ఈ ఊర్ల నాకు తెలుగు మాట్లాడెటోళ్ళు ఎవరూ లేరు. మీ గొంతుల తెలుగు వినంగనే ముందుగాల మస్తు సంతోషమైంది. మనోళ్ళున్నరు అనుకున్న. తర్వాత ఆ మాటేందో సమజైంది. పక్కన సార్ కూసున్నరు. నాకు తల ఎత్త బుద్ధి కాలే."

"తప్పయిపోయిందమ్మా," అన్నాడు.

"నాతోని ఎందుకు సర్," అంది ఆ పిల్ల, కోపం లేకుండానే.

ఫోన్ పెట్టేశాక బాల్కనీలో నిలబడ్డాడు. పెర్త్‌లో, కానింగ్ వేల్ గోడౌన్‌లో పని చేసిన రోజులు గుర్తొచ్చాయి. వాకీటాకీలో అతను ఏది చెప్పినా సూపర్‌వైజర్ అదే యాసలో తిరిగి పలికేవాడు, అటువైపు అందరూ నవ్వేవారు. కొన్నాళ్ళకి కనకరాజు వాకీటాకీ ముట్టుకోవడం మానేశాడు. ఏదైనా చెప్పాలంటే గోడౌన్ ఆ చివరిదాకా నడిచి వెళ్ళి చెప్పేవాడు. ఆ మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మనిషి చేసిన పనే ఇప్పుడు తనూ చేశాడు. పైగా కూతురి ముందు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నీలిమకీ తన్మయికీ అంతా చెప్పాడు. నీలిమ గరిటె కింద పెట్టి, "ఆయనకి ఫోన్ చేశారా?" అని మాత్రం అడిగింది. తన్మయి కంచం వైపే చూస్తూ, "ఐ లాఫ్డ్ టూ," అంది.

రెండు రోజుల తర్వాత ఆల్గిర్దాస్‌కి వీడియో కాల్ చేశాడు. తను అన్నదేమిటో దాచకుండా ఇంగ్లీషులో చెప్పాడు. తెలుగులో సరదాగా తోచిన మాట ఇంగ్లీషులో చెబుతుంటే ఎంత నీచంగా ఉందో తన చెవికే తెలిసింది.

ఆల్గిర్దాస్ చివరిదాకా విన్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: "మీ భాష నాకు రాదు. కానీ ముందు నా మాటే, నా గొంతులోనే వినిపించింది. తర్వాత పిల్ల నవ్వింది. నాకు తర్జుమా అక్కర్లేదు."

"శ్రీలేఖ..." అనబోయాడు కనకరాజు.

"ఆమె నన్ను కాపాడబోయింది. అబద్ధం చెప్పడం ఆమెకి చేతకాదు." కెమెరా వైపు చూసి, "మీరు ఫోన్ చేశారు. మంచిది," అన్నాడు. పరవాలేదనలేదు. సాక్సుల సమస్యకి కొత్త అట్ట పంపిస్తున్నామని, సిడ్నీలో పరీక్షలు ఎప్పుడు మొదలుపెట్టగలరని అడిగాడు. కనకరాజు తేదీ చెప్పాడు.

అట్టలు వచ్చాయి, పరీక్షలు బాగా జరిగాయి. ఆల్గిర్దాస్ మీటింగుల్లో మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టాడు, క్లుప్తంగా. మాట దొరకనప్పుడు "హౌ టు సే" అనడం మానేశాడు. ఊరికే ఆగుతాడు. ఆగిన ప్రతిసారీ కనకరాజు తల దించుకుంటాడు.

ఆ ఏడాది కూటమి వార్షిక సమావేశం పోర్చుగల్‌లో జరిగింది. కేంద్రం తరఫున కనకరాజే వెళ్ళాడు. మధ్యాహ్న భోజనంలో ఆల్గిర్దాస్ పక్కన ఖాళీ కుర్చీ కనిపిస్తే, కూర్చోవచ్చా అని అడిగి కూర్చున్నాడు. ఆయన రొట్టె బుట్ట ఇటు జరిపి, తుంటి విరిగి మంచాన పడ్డ వాళ్ళమ్మ గురించి చెప్పాడు. అట్ట ఆలోచన అక్కడ పుట్టిందట. చెప్పడానికి చాలాసేపు పట్టింది. చుట్టుపక్కల వాళ్ళంతా లేచి వెళ్ళిపోయారు. కనకరాజు కదల్లేదు.

సిడ్నీ వచ్చాక, ఎయిర్‌పోర్ట్ నుంచి కారులో వస్తుంటే తన్మయి అడిగింది, ఆయన క్షమించారా అని. ఈసారి తెలుగులోనే అడిగింది, ముక్కలు ముక్కలుగా.

"అడగలేదమ్మా," అన్నాడు కనకరాజు. "అడిగితే, పాపం, అవునని చెప్పాల్సొస్తుంది కదా ఆయనకి."