నాన్న మల్టీమీటరు, నా పట్టుగుడ్డ

ఇవాళ అటక దులుపుతుంటే నాన్న మల్టీమీటరు, అదే కరెంటు కొలిచే ముల్లు మీటరు, దొరికింది. దాని చెక్కపెట్టె మూత తీయగానే సోల్డరింగ్ వాసన. మన ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, వీధికో ఇంట్లో రేడియో విప్పి ఉండే రోజులవి!

డెబ్బైల్లో మేం పటమటలో ఉండేవాళ్ళం. నాన్న కాలేజీ ల్యాబులో పనిచేసేవారు. అక్కడ పనికిరాదని పక్కన పడేసిన ఈ మీటరుని అడిగి తెచ్చుకుని, వేసవి సెలవులన్నీ కూర్చుని బాగుచేశారు. దసరాకి ఆయుధపూజలో పెడదామన్నారు. నేను ముచ్చటపడి, దాని ప్లాస్టిక్ అద్దాన్ని అమ్మ పాత పట్టుగుడ్డతో మెరిసేదాకా రుద్దాను. వైర్లేవీ తగిలించకుండానే ముల్లు సున్నా మీంచి లేచి మధ్యలో నిలబడిపోయింది!

నాన్న ముఖం వాడిపోయింది. "మళ్ళీ పోయిందే! ఎవరన్నా ముట్టుకున్నారా?"

నేను గుడ్డ వెనక్కి దాచేశాను. ఆయన స్క్రూడ్రైవర్ అందుకున్నారు.

బొట్టు పెట్టడానికొచ్చిన అమ్మ, "ఉండండి, ఓసారి తుడవనివ్వండి" అంటూ, కళ్ళజోడు తుడుచుకునే అలవాటు కొద్దీ అద్దం మీద 'హా' అని ఊదింది. ఆ ఆవిరికి ముల్లు మెల్లగా సున్నాకి దిగింది.

"రుద్దితే పుట్టే కరెంటే ఇది, తడి తగలగానే పోయింది! రోజూ ల్యాబులో పిల్లలకి చూపించేదే, నాకే తట్టలేదు" అని నాన్న నవ్వేశారు. ఎవరు రుద్దారని మాత్రం అడగలేదు.

ఇవాళ చూస్తే మూత లోపల ఆయన చేతిరాతతో చిన్న కాగితం అంటించి ఉంది.

"ముల్లు మొండికేస్తే విప్పొద్దు. ముందు ఊదాలి. అమ్మాయి తుడిచి ఉంటుంది."

ఇన్నేళ్ళూ నేనే దాచాననుకున్నాను.