కొండెక్కిన కొట్టు

మా కొండల్లోకి ఫోన్లు ముందొచ్చాయి, సిగ్నల్ తర్వాత వచ్చింది. ఆ రెంటికీ మధ్య గడిచిన కొన్నేళ్లలోనే నా కుర్రతనమంతా పడింది. ఆ రోజుల్లో మాట్లాడవలసిన పని ఉన్నవాళ్లు అవతలి మనిషిని తలచుకునే ముందు సిగ్నల్ దొరికే చోటును తలచుకునేవారు. ఊరూరా అలాంటి చోటు ఒకటి ఉండేది. ఒక ఊరికి బడి అరుగు, ఇంకో ఊరికి నీళ్ల ట్యాంకు మెట్లు, మరో ఊరికి కొండ మీది బండ. అక్కడే కుర్రాళ్లు ప్రేమలు నడిపేవారు, పెద్దవాళ్లు రేషన్ కార్డు గురించి కేకలు పెట్టేవారు. అదంతా చూస్తూ పెరిగినవాణ్ణి నేను. అలాంటి సంగతిని కూడా మరిచిపోవాలంటే మనిషికి కొంత చదువు అవసరం. నేను విశాఖపట్నం వెళ్లి ఆ చదువు చదివి వచ్చాను.

దాని పేరు డిజిటల్ మార్కెటింగ్. చిన్న కోర్సే గాని, చదివి వచ్చాక నా నడక మారిపోయింది (మా అమ్మ అన్న మాట ఇది, నేను చెప్పులు కరుస్తున్నాయేమో అనుకున్నాను). అరకులో మా నాన్నకు పప్పులూ ఉప్పులూ అమ్మే కొట్టు ఉంది. మా తాత కాలంలో కింద మైదానం నుంచి వచ్చి పెట్టుకున్నది. మొదటి ఖాతాదారుగా నాన్ననే పట్టుకున్నాను. ఎవరైనా ఫోనులో వెతికితే మన కొట్టు అందరికంటే ముందు కనపడేట్టు చేస్తానని, దాని వెనక పెద్ద శాస్త్రం ఉందని చెప్పాను. ఆయన కందిపప్పు తూస్తూ అంతా విన్నాడు. "మన కొట్టు బస్టాండుకి ఎదురుగా ఉందిరా. కళ్లున్నోడికి కనపడతాది. లేనోడికి నీ ఫోను మాత్రం ఏటి కనపడతాది" అన్నాడు. ఆ విధంగా నా మొదటి ఖాతా మొదలవకుండానే ముగిసింది.

అప్పుడు దొరికింది పొగక్క. అసలు పేరు వేరే ఉంది గాని, పొద్దస్తమానం పొగలో ఉండేది కాబట్టి అందరం అలాగే పిలిచేవాళ్లం. పాడేరు వెళ్లే దారిలో ఒక మలుపు పక్కన తాటాకు పందిరి కింద బొంగులో చికెన్ అమ్మేది. పచ్చి వెదురు బొంగులో కోడి ముక్కలు కూరి, మూతికి ఆకు బిగించి, నిప్పుల మీద దొర్లిస్తూ కాల్చడంలో ఆమెను మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. అంతకుముందు టౌనులో ఒక హోటలు వంటింట్లో పనిచేసేది. ఒకరోజు బొంగు మాడిందని యజమాని పదిమంది ముందు నోటికొచ్చినట్టు తిడితే, పట్టకారు అక్కడే పడేసి, మళ్లీ ఈ గుమ్మం తొక్కనని చెప్పి వచ్చేసింది. ఆ మాట చెప్పడం సులువే. మలుపు పక్కన పందిరి ఉందని బండ్లవాళ్లు గమనించేలోపే మలుపు దాటిపోయేవారు. మా దగ్గర వ్యాపారమంటే మంచు పడే ఆ డిసెంబరు, జనవరి నెలలే. ఆ సీజను తప్పితే ఆమె మళ్లీ ఆ వంటింటికే వెళ్లాలి. హోటలాయన అప్పటికే, "సలి తగ్గగానే తనే వచ్చేస్తాదిలే" అని ఊరంతా చెప్పుకుంటున్నాడు. ఆ మాట ఆమె చెవినా పడింది.

నేను ఆదుకుంటానన్నాను. ఆమె నన్ను లాగు వేసుకున్న వయసు నుంచీ ఎరుగును, అందుకని నమ్మలేదు. కానీ వేరే దారి లేక సరే అంది. వెంటనే పనిలో దిగాను. ముందు కొట్టుకు పేరు పెట్టాను. జనం వెతికే మాటలన్నీ పేరులోనే ఉండాలని మా కోర్సులో చెప్పారు (అలా చెప్పలేదని తర్వాత తెలిసింది, నేను సగమే విన్నాను). అందుకని "అరకు బెస్ట్ బొంగు చికెన్ ఒరిజినల్ ట్రైబల్ బొంగులో చికెన్ దగ్గరలో ఫ్యామిలీ పార్కింగ్" అని పెట్టాను. ఎవరైనా కొట్టు పేరు అడిగితే అదంతా చెప్పాలని కూడా నేర్పాను. ఆమె రెండుసార్లు ప్రయత్నించి, "ఇదంతా సెప్పీసరికి ఇక్కడ కోడి మాడిపోద్ది తమ్ముడూ" అని ఊరుకుంది. ఆ తర్వాత రివ్యూలు. బంధువులందరికీ ఫోన్లు చేసి ఐదేసి నక్షత్రాలు వేయించాను. అరకు ఎప్పుడూ చూడని మా భీమిలి బావ, "సముద్రపు గాలిలో తింటుంటే ఆ రుచే వేరు" అని రాశాడు. జన్మలో మాంసం ముట్టని మా పిన్ని, "ముక్క వెన్నలా ఉంది" అని రాసింది. ఆ పాపంలో ఆవిడకు వాటా లేదు, రాసి పంపింది నేనే.

ఇక మిగిలింది మ్యాపులో కొట్టుకు గుర్తు పెట్టడం. మలుపు దగ్గర సిగ్నల్ లేదు. పొగక్క వాళ్ల ఊరి కుర్రాళ్లందరిలాగే నేనూ పైనున్న బండ ఎక్కాను. మలుపు కంటే ముందే చీలి పైకి పోయే మట్టిదారి చివర ఉంటుంది ఆ బండ. అక్కడ మేకలు కాసే ఒక తాత తప్ప ఎవరూ ఉండరు. గాలి చల్లగా ఉంది, కింద లోయంతా పసుపు పచ్చగా వలిసె పూలు. మనసు ఉప్పొంగిపోయింది. మీరిప్పుడు మీ వ్యాపారం దగ్గరే ఉన్నారా అని ఫోను అడిగింది. నా దృష్టిలో నా వ్యాపారమంతా నా చేతిలోనే ఉంది కదా, ఉన్నానని నొక్కేశాను. పక్కన తాత చుట్ట వెలిగించుకుంటూ, "పనైపోనాదేటి గుంటడా" అని అడిగాడు. అయిపోయిందన్నాను. అంత నిజం ఆ రోజు నేను ఇంకోటి చెప్పలేదు.

సెలవులు పడ్డ మొదటి ఆదివారం వచ్చింది. నా మాట మీద పొగక్క కోళ్లు ఎక్కువ తెచ్చింది, బొంగులు ఎక్కువ నరికించింది. నేను నాన్న కొట్లో కూర్చుని ఫోను చూస్తున్నాను. దారి అడిగినవాళ్ల సంఖ్య గంటగంటకూ పెరుగుతోంది. ఎవరైనా పప్పు కోసం వస్తే వాళ్లకూ చూపించాను. భోజనాల వేళ దాటాక, మెచ్చుకోలు అందుకుందామని ఇస్త్రీ చొక్కా వేసుకుని బండి మీద వెళ్లాను.

పందిరి కింద ఒక్కరూ లేరు. కాల్చిన బొంగులు వరసగా పేర్చి ఉన్నాయి, పొగ కూడా ఆరిపోతోంది. పొగక్క మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని రోడ్డు చూస్తూ కూర్చుంది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. జనం ఏరి అని నేనే అడిగాను, సిగ్గులేకుండా. ఆ వెంటనే సర్వర్ల గురించి, అల్గారిథం గురించి, హైదరాబాదులో వాన పడితే ఇక్కడ నెట్ ఎలా నెమ్మదిస్తుందో దాని గురించి మాట్లాడుతూ పోయాను. అలా మాట్లాడుతుండగానే పైనుంచి మేకల తాత దిగి వచ్చాడు. మనిషి బాగా విసిగిపోయి ఉన్నాడు.

"ఒలే, ఎవులే ఆళ్లంతా? పొద్దుట్నించీ కార్లేసుకుని బండ కాడికొచ్చి సికెనేదీ సికెనేదీ అని నా పేనం తీసేత్తన్నారు. సికెన్ నేదు, మేకలున్నాయంటే మేకెంత అంటన్నారు. ఒకడైతే నన్నే ఓటలు ఓనరనుకుని బాత్రూమెక్కడని అడిగినాడు."

పొగక్క తల నా వైపు తిరిగింది. సర్వర్ల మీద నాకున్న జ్ఞానమంతా ఆ ఒక్క చూపుకు ఆవిరైపోయింది. "ఆ బండ కాడ కూకునే కదేటి నువ్వు ఫోను నొక్కినావు" అంది నెమ్మదిగా. ఔనన్నాను. ఆ పూట నేను చేసిన ఒకే ఒక్క మంచిపని ఆ 'ఔను' అనడం.

పరుగున బండ ఎక్కి గుర్తు మార్చబోయాను. మార్పును పరిశీలిస్తామని, కొన్ని వారాలు పట్టవచ్చని ఫోను చెప్పింది. కింద అప్పటికే రివ్యూలు వచ్చి ఉన్నాయి. "వ్యూ అద్భుతం, హోటలు లేదు." "సిబ్బంది ఒక్కరే, మర్యాద తక్కువ." "మేకలు స్నేహంగా ఉన్నాయి." సెలవులు వారాల తరబడి ఆగవు. దిగి వచ్చి ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాను. గుర్తు ఇప్పట్లో కిందికి రాదు అక్కా అన్నాను.

ఆమె బొంగులకేసి చూసింది. తర్వాత లేచి చీర కుచ్చిళ్లు దోపుకుంది.

"అది కిందకి రాపోతే మనవే పైకెల్దుం. ఆ బుట్ట ఎత్తు."

మా శాస్త్రంలో ఎక్కడా లేని పద్ధతి అది. నిప్పుల మీద మళ్లీ వెచ్చచేసిన బొంగులు, విస్తరాకులు, నీళ్ల బిందె అన్నీ పైకి చేరాలి. పైన గాలికి పొయ్యి నిలవదు కాబట్టి కింద కాల్చి పైన అమ్మాలని ఆమె నిర్ణయం. మోసే ఉద్యోగం నాది. ఇస్త్రీ చొక్కా మొదటి బుట్టకే మసి గుడ్డయింది. పైన అప్పుడే వెనక్కి తిరిగిపోబోతున్న ఒక కారువాళ్లు వాసన పట్టి ఆగారు. ఆమె బొంగు చీల్చి ఆకులో ఒంపగానే ఆవిరి లేచింది. వాళ్లు తిన్నారు. ఇంకోటి అడిగారు. చీకటి పడేలోపు బుట్టలన్నీ ఖాళీ. తాత కూడా ఆ రోజు నుంచి బండ కింద నిలబడి, "ఇటెల్లండి, సికెనుంది, ఈపాలి నిజంగానే ఉంది" అని దారి చూపడం మొదలుపెట్టాడు.

అలా సీజనంతా నేను బుట్ట మోశాను. ఆమె ధైర్యం చేసి బండ పక్కన కొత్త పందిరి కూడా వేసుకుంది. పందిరికి ఆఖరి వాసం కట్టిన మర్నాడే ఫోన్లో సందేశం వచ్చింది. మీరు కోరిన మార్పు ఆమోదించాం, మీ వ్యాపారం ఇప్పుడు కింద మలుపు దగ్గర కనిపిస్తుంది అని. ఆ మాట చెప్పడానికి బండ ఎక్కేటప్పుడు దారిలో రెండుసార్లు ఆగాను. ఆమె విని పకపకా నవ్వింది. ఇక దాన్ని ముట్టుకోవద్దని, ముట్టుకుంటే ఈసారి పందిరి లోయలో వేసుకోవాల్సి వస్తుందని అంది. తాతను కింద మలుపు దగ్గర కూర్చోబెట్టి, వచ్చినవాళ్లను పైకి పంపమంది. మేకలు కూడా ఆయనతోపాటు బదిలీ అయ్యాయి.

చలి తగ్గుతుండగా ఒక మధ్యాహ్నం ఆ హోటలాయనే కారు దిగి బండ ఎక్కి వచ్చాడు. పొగక్కను చూసి తల పంకించాడు. ఆమె తన పని తాను చేసుకుంటోంది. ఆయన నన్ను పక్కకు పిలిచి, జనం ఇంత పైకి ఎలా వస్తున్నారు, దీని వెనక ఆలోచన ఎవరిది అని అడిగాడు. నేను తలమీది బుట్ట దించాను. నిజం చెప్పడానికి నోరు తెరిచాననే ఇప్పటికీ నమ్ముతున్నాను. కానీ బయటికి వచ్చింది వేరే. జనాన్ని కొంచెం కష్టపెట్టి, కొండ ఎక్కించి, ఆకలి పెంచి, లోయ చూపిస్తూ తినిపించడం ఒక వ్యూహమని, చాలా లోతుగా పరిశోధించి చేశామని చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. మన హోటలు కూడా కొండెక్కించగలవా అని అడిగాడు.

పొగక్క అంతా విన్నది. ఒక బొంగు చీల్చి ఆకులో పెట్టి ఆయన చేతికిచ్చింది. "మా తమ్ముడు సాలా తెలివైనోడు బాబూ. ఇదంతా ఆడి బుర్రే" అంది. తర్వాత, "సలి తగ్గిపోనాది సూసినారా" అంటూ ఆయనకేసి చూసి ఇంకో బొంగు అందుకుంది. ఆయన తిని, డబ్బులిచ్చి దిగిపోయాడు. కారు కదిలాక ఆమె ఖాళీ బుట్ట తీసి నా తలమీద పెట్టింది. వ్యూహకర్తను కిందికి దిగి బొంగులు బేగి తెమ్మంది, ఇంకో రెండు కార్లు వస్తున్నాయి.

ఇప్పుడు విశాఖలో నాకు చిన్న ఆఫీసు ఉంది. ఎవరి కొట్టుకైనా పని ఒప్పుకుంటే ముందు అక్కడికి నడిచి వెళ్లి, ఆ గుమ్మంలో కాసేపు నిలబడతాను. కొత్తగా చేరిన పిల్లలకు ఈ కథ దాపరికం లేకుండా చెబుతాను, నవ్వుతారు, నేనూ నవ్వుతాను. కానీ ఆ హోటలాయనకు వ్యూహం వివరించే ఘట్టం రాగానే నా గొంతు దానంతటదే కాస్త గంభీరమవుతుంది, వెన్ను నిటారవుతుంది. ఎంత వద్దనుకున్నా అంతే. ఆ మసి చొక్కా కుర్రాడు నాలోంచి పూర్తిగా ఖాళీ చేసి పోలేదు. పొమ్మనడానికి నాకూ మనసు రాదు.