మిహ్రాన్ కాచిన నీళ్ళు

సమాత్యాలోని ఆ పాత చర్చికి ఇస్తాంబుల్ నలుమూలల నుంచీ జనం వస్తారు, పైకప్పు చూస్తారు, ఫొటోలు తీసుకుని పోతారు. పొద్దున్నే తలుపులు తీసి, దీపాలు వెలిగించి, కారిన మైనం గీకేది మాత్రం మిహ్రాన్. ముప్ఫై రెండేళ్ళుగా అదే పని. జీతం అంతంతమాత్రం. అయినా వీధిలో తలెత్తుకుని నడుస్తాడు, ఎందుకంటే అతను చిన్ననాటి నేస్తం ఓనిక్ ఇంటి జ్ఞానతండ్రి. ఆ ఇంటి బిడ్డల్ని జ్ఞానస్నానంలో ఎత్తుకునే హక్కు అతనిది.

మా అర్మేనియన్లలో అది ఒక మనిషికిచ్చే పదవి కాదు, ఇంటికీ ఇంటికీ ఉన్న కట్టుబాటు. మిహ్రాన్ తాత ఓనిక్ తండ్రిని జ్ఞానస్నానానికి ఎత్తుకున్నాడు. మిహ్రాన్ తండ్రి ఓనిక్‌ని ఎత్తుకున్నాడు. ఓనిక్ కొడుకు ఆరెన్‌ని మిహ్రాన్ ఎత్తుకున్నాడు, నిరుడు వాడి పెళ్ళిలో జంట తలల మీద శిలువ పట్టుకున్నదీ అతనే. ఈ హక్కుకి ఎవరూ ఎవర్నీ పిలవరు. "ఈసారీ నేనే కదా?" అని అడిగితే అవతలివాడిని అనుమానించినట్టే.

అందుకే ఆరెన్‌కి కొడుకు పుట్టాడని తెలిసినా మిహ్రాన్ నోరెత్తలేదు. భార్య అఘవ్నీ పిల్లాడికి తెల్ల అంగీ కుడుతూ, "ఒక్కసారి కనుక్కోరాదూ?" అంది.

"నీకేమైనా పిచ్చా? వింటే నవ్విపోతారు," అని కసిరాడు.

ఆదివారం మధ్యాహ్నం ఇస్త్రీ కోటు వేసుకుని, జ్ఞానస్నానపు నీళ్ళు తనే కాచాడు. మోచెయ్యి ముంచి చూసి, కాస్త చన్నీళ్ళు కలిపాడు. ఇంతలో ఓనిక్ కుటుంబమంతా దిగింది. పసివాడు జావెన్ గారి చేతుల్లో ఉన్నాడు. ఆరెన్ పనిచేసే నగల దుకాణం యజమాని ఆయన.

"ఇలా ఇవ్వండి, ఇలా ఇవ్వండి," అంటూ మిహ్రాన్ చేతులు చాపాడు. ఆయన ఇవ్వలేదు. ఆరెన్ తల దించుకున్నాడు.

ఓనిక్ మిహ్రాన్‌ని పక్కకి లాగాడు. "ఒరేయ్, తనే ఎత్తుకుంటానని జావెన్ గారు ముచ్చటపడ్డార్రా. కాదంటే బాగుండదు. మావాడి బతుకుతెరువు ఆయన చేతిలో ఉంది మరి."

"నాకొక్క మాట చెప్పొద్దురా?"

"చెబుదామనే అనుకున్నా. సరేగానీ, నీళ్ళు గోరువెచ్చగానే ఉన్నాయా?"

మిహ్రాన్‌కి ఒళ్ళు మండిపోయింది. ఆ నీళ్ళు అక్కడే పారబోసి వెళ్ళిపోదామనుకున్నాడు. నేనైతే నలుగురిలో నిలబెట్టి కడిగేసేవాణ్ణి. అతను పసివాడి మొహం చూసి ఆగిపోయాడు.

జావెన్ గారు తన పెళ్ళయ్యాక చర్చి గడప తొక్కినట్టు లేదు. పైకి చూసి, "ఈ కప్పు ఎన్నేళ్ళ నాటిదండీ?" అని అడిగారు. ఫాదర్ గారు పుస్తకం తెరిచారు.

"ఈ బిడ్డ ఏం కోరుతున్నాడు?"

బిడ్డ తరఫున జ్ఞానతండ్రి చెప్పాలి. జావెన్ గారు నీళ్ళు నమిలారు. వెనక ఎవరో ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. ఫాదర్ గారు మళ్ళీ అడిగారు. ఓనిక్ మిహ్రాన్ వైపు చూసి కనుబొమలెగరేశాడు, చెప్పరా అన్నట్టు.

ఆ చూపు చూసి చెప్పకూడదనే అనుకున్నాడు మిహ్రాన్. కానీ పసివాడు ఏడుపందుకున్నాడు. ముందుకెళ్ళి, జావెన్ గారి చెవిలో ఒక్కో మాటే అందించాడు. విశ్వాసం. నిరీక్షణ. ప్రేమ. జ్ఞానస్నానం. ఆయన ఒక్కోటీ గట్టిగా పలికారు. అందరూ మెచ్చుకోలుగా తలలూపారు. ఆ మాటలు చెప్పడానికి మిహ్రాన్ నెల రోజులుగా ఎదురుచూశాడు.

అంతా అయ్యాక, జ్ఞానతండ్రికిచ్చే మర్యాదగా, పిల్లాడి తల్లి వంగి జావెన్ గారి చెయ్యి ముద్దుపెట్టుకుంది. జనం బయటికి నడిచారు. ఓనిక్ వెనక్కొచ్చి మిహ్రాన్ భుజం మీద చెయ్యేశాడు.

"నువ్వు లేకపోతే పరువు పోయేదిరా. నువ్వేమీ అనవని నాకు తెలుసు. నీకు ముందు చెప్పకపోయినా ఫరవాలేదనుకున్నది అందుకే. పద, భోజనానికి పోదాం."

మర్చిపోయి చేసుంటే మిహ్రాన్ ఎప్పటికైనా క్షమించేవాడు. భయపడి చేసినా క్షమించేవాడు. ఓనిక్ మాత్రం మిహ్రాన్ నోట్లో నాలుక లేదన్న ధైర్యంతో చేశాడు. మూడు తరాల సంబంధం ఆ ధైర్యానికి పనికొచ్చింది.

మిహ్రాన్ భుజం మీది చేతిని నెమ్మదిగా తీసేశాడు.

"తలుపులు వేసుకోవాలండీ," అన్నాడు. "మీవాళ్ళు ఎదురుచూస్తున్నారు, వెళ్ళండి."

ఓనిక్‌ని ఐదో ఏట నుంచీ ఒరేయ్ అని తప్ప పిలవని నోరది. ఓనిక్ మొహంలో నవ్వు మాయమైంది. ఏదో అనబోయాడు. మిహ్రాన్ అప్పటికే గొళ్ళెం అందుకున్నాడు.