పెరట్లో పంపరపనస

నిన్న గోదాములో పంపరపనస పండు ఒలుస్తుంటే తొక్కలోంచి చిమ్మిన తుంపర కంట్లో పడి చురుక్కుమంది. వేళ్లకంటిన ఆ ఘాటు వాసనకి మూర్తిగారు గుర్తొచ్చారు. రాజోలు దగ్గర ఈ కొబ్బరి గోదాము ఆయనదే. కువైట్‌లో ఇళ్లలో పని చేసి తిరిగొచ్చిన నాకు కాయల లెక్కాజమా అప్పగించిన మనిషి ఆయన. అప్పటికి నేను ఎవరి ముందూ నోరు విప్పేదాన్ని కాదు. పరాయి ఇంట్లో ఏళ్ల తరబడి తల ఊపడమే తప్ప మాట్లాడే పని లేకపోతే మనిషి అలాగే తయారవుతుంది. పోయిన ఆ గొంతు నాకు తిరిగి రావడానికి కారణం మూర్తిగారి జబ్బు అంటే ఎవరైనా నవ్వుతారు గానీ, జరిగింది అదే.

ఎప్పుడో రక్తం ఎక్కించినప్పుడు ఒంట్లో చేరిన హెపటైటిస్ సి వైరస్ ఆయన లివరును లోలోపలే పాడుచేసింది. భార్య అనసూయమ్మగారు తన లివరులో కొంత ఇచ్చి ఆయన్ని దక్కించుకున్నారు. లివరైతే మారింది గానీ రక్తంలో వైరస్ అలాగే ఉండిపోయింది. నేను పనిలో చేరేసరికి అది కొత్త లివరునీ పట్టుకుందని తెలిసింది. ఇంకొకరైతే మంచం పట్టేవారు. మూర్తిగారు మాత్రం, "ఈ లివరు మా ఆవిడదండీ, నేను కాపలావాణ్ణి. దొంగ మళ్లీ వచ్చేడు. చూస్తా కూర్చుంటానా?" అనేవారు.

జబ్బును దాచడం ఆయనకు తెలియదు. ఒకరోజు గోదాముకు వచ్చిన వ్యాపారి ఒకాయన అందరికీ గాజు గ్లాసుల్లో టీ పోయించి, మూర్తిగారికి మాత్రం కాగితం కప్పు ఇప్పించాడు. నాకు ఒళ్లు మండిపోయింది, కానీ నోరు పెగల్లేదు. ఆయన నవ్వుతూ, "నా గ్లాసేదండీ? ఈ జబ్బు రక్తంలోంచి అంటుకుంటాది గానీ టీ గ్లాసులోంచి కాదు. నా గెడ్డం గీసుకునే బ్లేడు మాత్రం అడక్కండి, ప్రాణం పోయినా ఇవ్వను" అన్నారు. ఆ వ్యాపారి సిగ్గుపడి గ్లాసు తెప్పించాడు. కోపం లేకుండా కూడా నిజం గట్టిగా చెప్పొచ్చని నాకు అప్పుడే తెలిసింది.

మందుల డబ్బాల మీద ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలనని విశాఖ ఆసుపత్రికి నన్నూ తీసుకెళ్లేవారు. వైరస్‌కి మూడు నెలల మాత్రలు ఉన్నాయి, తప్పకుండా నయమవుతుందని డాక్టరుగారు ధైర్యం చెప్పారు. కానీ వాటిని మొదలుపెట్టడానికి ఒక అడ్డు వచ్చింది. కొత్త లివరును ఒళ్లు తిరగ్గొట్టకుండా రోజూ వేసుకునే మాత్ర ఒకటుంది. అది రక్తంలో ఉండాల్సినదానికన్నా బాగా ఎక్కువగా కనిపిస్తోంది. మూర్తిగారి చేతులు వణుకుతున్నాయి, కిడ్నీల మీదా భారం పడుతోంది. డోసు తగ్గించినా తేడా లేదు. అది అదుపులోకి వస్తే గానీ వైరస్ మందు మొదలుపెట్టనన్నారు డాక్టరుగారు. అవతల వైరస్ ఆగదు కదా. తిరుగు ప్రయాణంలో అనసూయమ్మగారు బస్సు కిటికీలోంచి చూస్తూ పైటచెంగుతో కళ్లొత్తుకోవడం నేను చూశాను.

మళ్లీ వెళ్లినప్పుడు మూర్తిగారు డాక్టరుగారి బల్ల మీద ఒక సంచీ పెట్టారు. మా వైపు మనిషి ఒకరి దగ్గరికి వట్టి చేతులతో వెళ్లడు. సంచీలో పచ్చటి పంపరపనస పళ్లు.

"పిల్లలకిస్తారని తెచ్చేనండి. మా పెరట్లోవే. నేనూ రోజూ ఒకటి ఒలుచుకుంటాను. వేడి చేసినప్పుడు దీన్ని మించింది లేదండీ."

డాక్టరుగారు పెన్ను కింద పెట్టేశారు. "గ్రేప్‌ఫ్రూట్ తినొద్దని మొదటిరోజే చెప్పాను కదండీ మూర్తిగారూ!"

"తిన్లేదండీ బాబూ! అదేదో ఫారిన్ పండు, మా రాజోల్లో దొరకదని నిశ్చింతగా ఉన్నాం."

"ఇది దానికి చుట్టమేనండీ" అన్నారాయన తల పట్టుకుని. మాత్ర ఒంట్లో అరిగిపోకుండా ఈ పండు అడ్డుపడుతుందట. అందుకే మందు రక్తంలో పేరుకుపోతోందట.

మూర్తిగారి ముఖం పాలిపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. భార్య వైపు చూసి, "నా చేతుల్తో నేనే..." అని ఆగిపోయారు. తర్వాత తేరుకుని నా వైపు తిరిగారు. "నాగమణీ, నేను ఇంకా ఏవేం తింటన్నానో నువ్వు చెప్పమ్మా. నేను మర్చిపోతాను. గట్టిగా చెప్పు."

చెప్పాల్సింది ఒకటుంది. అది ఆయన పరువుకి సంబంధించింది. అయినా చెప్పేశాను. "ఆళ్ల బావగారు పసరు మందు తెత్తారండి. ఆయన మనసు నొప్పించలేక ఈయన తాగేత్తన్నారండి."

గదిలో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మూర్తిగారు కోప్పడలేదు. చిన్నపిల్లాడిలా తలొంచుకుని, "ఆయ్, అదీ నిజవేనండి" అన్నారు.

పండూ పసరూ ఆగిపోయాయి. మందు అదుపులోకి వచ్చింది, చేతుల వణుకు తగ్గింది, వైరస్ మాత్రలు మొదలయ్యాయి. ఎవరైనా ఏదైనా తినమని బలవంతం చేస్తే, "లివరు మా ఆవిడదండీ, ఆవిణ్ణడగండి" అని తప్పించుకునేవారు. చెట్టును మాత్రం కొట్టించలేదు. పళ్లు ఒలిచి మా అందరికీ తొనలు పంచి, వేళ్లు వాసన చూసుకుని మురిసిపోయేవారు.

మాత్రలు పూర్తయ్యి, ఆ పైన కొన్నాళ్లు ఆగి చేసిన పరీక్షలోనూ వైరస్ లేదని తేలిన రోజు డాక్టరుగారి గది బయట బెంచీ మీద అనసూయమ్మగారు ఆయన చెయ్యి పట్టుకున్నారు. "ఇంక కాపలా చాలండీ. ఆ లివరు మీరే ఉంచేసుకోండి" అన్నారు. ముగ్గురం ఏడ్చాం.

చాలా ఏళ్ల తర్వాత ఆయన గుండెపోటుతో పోయారు. ఆ లివరు చివరిదాకా చక్కగా పనిచేసింది.

నిన్న పండు ఒలుస్తున్నప్పుడు, కాయల వలుపు పనికి వచ్చే పద్మ పక్కన కూర్చుంది. వాళ్లమ్మను మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్లాలట. ఊళ్లో ఎవరో ఇచ్చిన పొడి కూడా ఆవిడ వాడుతోందని డాక్టరుకి చెబితే తిడతారేమోనని నసుగుతోంది.

"తిడితే తిట్టనీ. అన్నీ చెప్పెయ్యి, గట్టిగా చెప్పు" అన్నాను.

కాయలు వలుస్తున్న వాళ్లంతా పని ఆపి నా వైపు చూశారు. నా మాట గోదాము ఆ చివరిదాకా వినిపించిందట.